మా వదిన మూడు సెంటీమీటర్లు

మా వదిన బస్సు కండక్టరు. పంతొమ్మిదేళ్ళ సర్వీసు. డిపోలో అందరూ రైట్‌రైటమ్మ అంటారు, ఎందుకంటే ఆమె 'రైట్ రైట్' అని అరిచిందంటే తన డ్రైవరే కాదు, పక్కనున్న బస్సు డ్రైవరు కూడా బండి కదిలించేస్తాడు. మా ఆయనకు సొంత అక్క. పెళ్ళి చేసుకోలేదు. నేను కాపురానికి వచ్చి పదిహేనేళ్ళు, అప్పటినుంచీ మాతోనే ఉంది. నేను టైలర్ని. కింద షాపు, పైన ఇల్లు. షాపు మా అత్తగారిది. నాకు కత్తెర పట్టడం నేర్పింది కూడా ఆవిడే, పోయి ఆరేళ్ళయింది. నాకు కోపం ఎక్కువని ఈ వీధిలో ఎవరినడిగినా చెబుతారు. వాళ్ళు చెప్పేలోపు నేనే చెప్పేస్తున్నాను.

వదిన తొంభై నాలుగు కిలోలు. సీట్ల మధ్య నడవలో పక్కకి తిరిగి నడిచేది. అది కాదు బాధ, మోకాళ్ళు. సాయంత్రం డ్యూటీ దిగి ఇంటికొచ్చి మా పద్దెనిమిది మెట్లెక్కడానికి పావుగంట పట్టేది. మధ్యలో ఆగి, గోడ పట్టుకుని, ఎవరైనా చూస్తే ఫోన్ చూసుకుంటున్నట్టు నటించేది. ఇంత బరువు మీద మోకాళ్ళు ముట్టుకోనని డాక్టరు తెగేసి చెప్పాడు. ముందు కడుపుకి ఆపరేషన్ చేయించుకుని బరువు తగ్గాలి, ఆ తర్వాతే మిగతా మాట. అక్కడ డిపోలోనేమో నాలుగు నెలల్లో ఫిట్‌నెస్ పరీక్ష. ఫుట్‌బోర్డు మీద పదిసార్లు ఎక్కి దిగాలి. దిగలేకపోతే ఉద్యోగం పోతుంది. ఉద్యోగం పోతే ఇన్సూరెన్సూ పోతుంది. ఇన్సూరెన్సు లేకుండా ఆ ఆపరేషన్ మా వల్ల అయ్యేది కాదు. కాబట్టి ఏం చేసినా ఆ నాలుగు నెలల్లోనే చేయాలి.

ఇన్సూరెన్సువాళ్ళ రూలు ఇదీ. బరువునూ ఎత్తునూ కలిపి లెక్కేస్తే వచ్చే అంకె, బీఎంఐ అంటారు, అది నలభైకి తగ్గకూడదు. షుగరో బీపీయో ఉంటే ముప్పై అయిదున్నా చాలు. వదినకి పరీక్షలు చేయిస్తే షుగర్ లేదు, బీపీ లేదు. ఇంకో ఇంట్లో అయితే పండగ చేసుకునేవాళ్ళు. మేం ముగ్గురం డాక్టరు ముందు ముఖాలు వేలాడేసుకుని కూర్చున్నాం. మా ఆయనైతే సిగ్గులేకుండా, "కాస్తయినా లేదాండీ" అని అడిగాడు. డాక్టరు ఆయన వంక చూసిన చూపు నేనింకా మరిచిపోలేదు.

పదిరోజులకి జవాబు వచ్చింది. బీఎంఐ ముప్పై తొమ్మిది పాయింటు ఒకటి. కుదరదు.

నాకు మతిపోయింది. ఒక్క పాయింటు కూడా కాదు, అందులో కూడా కాస్త తక్కువ. ఈ దిక్కుమాలిన అంకె కోసం ఒక మనిషి కాళ్ళు ఈడ్చుకుంటూ బతకాలా? కాగితం పట్టుకుని అక్కడికక్కడే ఇంట్లో అటూ ఇటూ తిరిగాను.  వదిన ఆ మరుసటి వారమంతా మామూలుగా తినేది కూడా తినలేదు. అప్పుడు మా ఆయన భయపడిపోయి, ఇంకా తగ్గితే అసలుకే మోసం వస్తుందని బతిమాలి తినిపించాడు. తగ్గాలని ఆపరేషన్, ఆపరేషన్ కోసం తగ్గకూడదు. వింటేనే ఒళ్ళు మండుతుంది.

ఆదివారం నాడు ఆ కాగితం మళ్ళీ చదివాను. ఎత్తు నూట యాభై అయిదు సెంటీమీటర్లని ఉంది. నా పక్కన నిలబడితే వదిన తల ఎక్కడికొస్తుందో నాకు తెలీదూ? టేపు తీసుకుని ఆమెను షాపులో గోడకి ఆనించి, ఒట్టి కాళ్ళతో నిలబెట్టి కొలిచాను. నూట యాభై రెండు. మళ్ళీ కొలిచాను. అంతే. పుస్తకం, పెన్ను తీసి లెక్కేశాను. నలభై పాయింటు ఏడు వచ్చింది. నాకు గాల్లో తేలినట్టయింది.

"చూశావా వదినా, వెధవలు ఎత్తు తప్పు రాశారు. రేపే వెళ్దాం. మళ్ళీ కొలిపిద్దాం" అన్నాను.

వదిన ముఖం పాలిపోయింది. వద్దులే, రాసింది రాసినట్టే ఉండనీ అంది. ఎందుకంటే చెప్పదు. ఆ ఎత్తు డిపో రికార్డులోంచి తీసుకున్నదట, ఇప్పుడు దాన్ని కెలకడం ఎందుకట. కత్తికి భయపడుతోందనుకున్నాను నేను. పదిహేనేళ్ళుగా కొలతలు తీస్తున్నాను, తప్పు కొలత కళ్ళ ముందుంటే ఊరుకోవడం నా వల్ల కాదు. ఒక కాలరు అరంగుళం తేడా వస్తేనే మొత్తం విప్పి కుడతాను. మనిషి జీవితం మూడు సెంటీమీటర్లు తేడా వస్తే వదిలేస్తానా?

మర్నాడు షిఫ్టు దిగే వేళకి డిపో గేటు దగ్గర కాపు కాశాను. యూనిఫాంలో, భుజాన సంచీతో బయటికొచ్చిన మనిషిని వచ్చినట్టే ఆటోలో ఎక్కించేశాను. దారంతా వదిన, "ఇవాళ వద్దే, ఇంటికెళ్ళి స్నానం చేసి రేపొద్దాం" అంటూనే ఉంది. నేను వింటేగా.

ఇన్సూరెన్సు ఆఫీసులో గుమాస్తా మంచివాడే, కానీ ఆ సంగతి నాకు తర్వాత తెలిసింది. అప్పటికి మాత్రం ఎడాపెడా వాయించేశాను. కూర్చున్న చోటునుంచి మనుషుల ఎత్తు ఎలా రాస్తారని, ఎవరి కళ్ళల్లో దుమ్ము కొడదామనుకుంటున్నారని అడిగాను. క్యూలో ఉన్నవాళ్ళు వెనక్కి జరిగారు. ఆయన అద్దాలు తీసి తుడుచుకుని, ఎత్తు డిపోవాళ్ళు పంపిందేననీ, కావాలంటే పక్కగదిలో నర్సు ఉందనీ, ఇప్పుడే కొలిపించుకోవచ్చనీ నెమ్మదిగా చెప్పాడు.

నర్సు బూట్లు విప్పమంది. వదిన విప్పి సాక్సుతోనే కొలత కర్ర కింద నిలబడింది. సాక్సు ఉన్నా పర్లేదులెండి అంటోంది నర్సు. నేనూరుకోలేదు. కొలిస్తే సరిగ్గా కొలవాలి, సాక్సు కూడా తీయాలన్నాను. వదిన నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. వంగలేక ఆగిందనుకున్నాను. నేనే కింద కూర్చుని, ఆమె మడమ ఎత్తి సాక్సు లాగేశాను.

సాక్సుతోపాటు గట్టి దిమ్మొకటి నా చేతిలో పడింది. గుడ్డ పొరలు ఒకదానిమీద ఒకటి పేర్చి, అంచు చుట్టూ దగ్గర దగ్గరగా గొలుసుకుట్టు వేసి, మడమ కిందికి సరిపోయేలా కోసిన దిమ్మ. ఆ కుట్టు ఎవరిదో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. ప్రతి నాలుగో కుట్టూ కొంచెం లోపలికి లాగడం మా అత్తగారికి తప్ప ఇంకెవరికీ అలవాటు లేదు.  గబుక్కున అది నా సంచీలో వేసేసి, రెండో కాలిది కూడా తీసి వేసేశాను. పైన నర్సు, "నూట యాభై రెండు" అని చదివి కంప్యూటర్‌లో కొట్టేసింది.

గుమాస్తా లెక్క చూసి, సంతోషంగా, మీకు కుదిరిందమ్మా అన్నాడు. అప్రూవల్ కాగితం వచ్చింది. కొత్త ఎత్తుతో ఒక కాపీ డిపోకి కూడా వెళ్తుందని చెప్పాడు. 

బయట బెంచీ మీద కూర్చున్నాక వదిన చెప్పింది. ఉద్యోగంలో చేరేటప్పుడు కండక్టరుకి కనీసం నూట యాభై మూడు సెంటీమీటర్లుండాలని రూలు. ఈమెకి ఒకటి తక్కువ. సాక్సు ఉంచుకోనిచ్చేవాళ్ళు కాబట్టి వాళ్ళమ్మ రాత్రికి రాత్రి మడమ దిమ్మలు కుట్టింది. చేరాక ఎవరైనా పొట్టిదైపోయిందేమిటి అంటారేమోనని, రోజూ అవి వేసుకునే డ్యూటీకి వెళ్ళింది. పంతొమ్మిదేళ్ళు. బూట్లు ఒక సైజు పెద్దవి కొనుక్కునేది. తన సాక్సు ఎవరినీ ఉతకనిచ్చేది కాదు. అదేదో నన్ను దూరం పెట్టడమనుకుని నేను ఎన్నిసార్లు మూతి ముడుచుకున్నానో.

"ఒక్క సెంటీమీటరు చాలు కదా, మూడెందుకు పెట్టింది?" అన్నాను.

"అమ్మ సంగతి నీకు తెలీదా. మార్జిను లేకుండా ఎప్పుడైనా కుట్టిందా?" అంది వదిన.

ఆ మార్జినే కొంప ముంచింది. నేను అక్కడే వేళ్ళమీద లెక్క కట్టాను. ఆవిడ ఒక్కటి పెట్టి ఉంటే నూట యాభై మూడు. దానికి కూడా బీఎంఐ నలభై దాటుతుంది. ఉద్యోగానికీ సరిపోయేది, ఆపరేషన్‌కీ సరిపోయేది, ఎవరూ ఎవరినీ మళ్ళీ కొలిచే పని లేకపోయేది. టైలరెవరైనా చేసే పనే ఆవిడ చేసింది. నేనున్నా అదే చేసేదాన్ని.

"ఇప్పుడున్నవి అమ్మ మంచంలో ఉన్నప్పుడు కుట్టినవి" అంది వదిన. "నేను పోయాక నీకెవరు కుడతారే అని, పన్నెండు జతలు కుట్టిపెట్టింది."

అప్పుడు నాకు గుర్తొచ్చింది. చివరి నెలల్లో నేను గదిలోకి వెళ్తే ఆవిడ ఏదో దిండు కింద దాచేసేది. చేతులు వణుకుతుంటే ఈ కుట్టుపిచ్చేమిటి, పడుకోండి అత్తయ్యా అని కసిరాను కూడా. సూది లాక్కున్నాను ఒకరోజు. ఆ మాట వదినకి చెప్పలేకపోయాను.

తర్వాత పదిరోజులు ఇంట్లో ఎవరికీ ముద్ద దిగలేదు. మా ఆయనకు చెబితే తల పట్టుకుని కూర్చున్నాడు.  అబద్ధపు ఎత్తుతో ఉద్యోగం సంపాదించిందని తేలితే వెంటనే తీసేస్తారు. ఆపరేషన్ నాటికి ఉద్యోగంలో ఉంటేనే ఇన్సూరెన్సు వర్తిస్తుంది. నేను పోట్లాడి గెలుచుకొచ్చిన కాగితమే ఆమె ఉద్యోగం పీకేయబోతోందని నాకు ప్రతి క్షణం తెలుస్తూనే ఉంది. మిషను ముందు కూర్చుంటే కాలు తొక్కడానికి రాలేదు.

పదకొండోరోజు డిపో మేనేజరు పిలిచాడు. నేనూ వెళ్ళాను. వదిన కుర్చీలో కూర్చోకుండానే, ఆయన ఫైలు తెరవకుండానే మొత్తం చెప్పేసింది. దిమ్మలు, సాక్సు, నూట యాభై మూడు, అన్నీ. తప్పు నాదేనండీ, మా అమ్మకేం తెలీదు అంది. అదొక్కటే అబద్ధం ఆడింది.

మేనేజరు ఆమెను అయోమయంగా చూశాడు.

"నేను పిలిచింది రికార్డులో ఎత్తు సరిచేసి సంతకం పెట్టమనడానికమ్మా. ఆ రూలు ఇప్పుడెక్కడుంది? తీసేసి పదకొండేళ్ళయింది" అన్నాడు.

 వదిన బల్ల అంచు పట్టుకుంది. అప్పట్లోనే అందరికీ సర్క్యులర్ వచ్చిందని, పాతవాళ్ళకి కూడా వర్తిస్తుందని, నోటీసు బోర్డులో నెలరోజులు ఉంచామని ఆయన అన్నాడు. ఆ బోర్డు ముందే వదిన రోజూ పొద్దున నిలబడి డ్యూటీ చార్టు చూసుకునేది. ఎత్తు అన్న మాట ఏ కాగితంలో కనిపించినా భయమేసి, మిగతాది చదవకుండా పక్కకి తప్పుకునేదట. అది ఆమె నాతో చెప్పలేదు, మేనేజరుతోనూ చెప్పలేదు, ఎవరితోనో అన్నట్టు గోడతో చెప్పింది.

ఉద్యోగానికేం ఢోకా లేదనీ, ఆపరేషన్‌కి సెలవు తానే మంజూరు చేస్తాననీ, మంచినీళ్ళు తాగమనీ ఆయన అన్నాడు. వదినకి అవేవీ వినపడలేదు. వేళ్ళు మడుస్తోంది. పదకొండులోంచి ఆరు తీసేస్తోందని నాకు అర్థమవడానికి కొంచెం సేపు పట్టింది.

"అంటే అమ్మ ఉండగానే తీసేశారు" అంది నా వైపు తిరిగి. "ఐదేళ్ళు ముందే తీసేశారు. మరి ఆ మంచంలో పడి, కళ్ళు కనపడక, అదంతా ఎందుకు కుట్టిందే?"