ద్రాక్షపండు మీది జనాభా

ఆ రోజుల్లో కంటికి కనిపించే మనుషుల మీదకంటే కనిపించని సూక్ష్మజీవుల మీదే నాకు గురి ఎక్కువ. ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు పాసై, సౌదీలో అభా అనే ఊళ్ళో ఒక ఆస్పత్రిలో కొత్తగా చేరాను. పొద్దస్తమానం రక్తాలు తీస్తాను కనక హాస్టల్లో నన్ను 'రక్తాల పిల్ల' అనేవారు. ఒకసారి తీరిక దొరికి, కడగని ద్రాక్షపండును, సూక్ష్మజీవుల్ని పెంచే కల్చర్ ప్లేటు మీద ఒత్తి చూస్తే, తెల్లవీ పచ్చవీ చుక్కలు జాతరకు వచ్చినట్టు మొలిచాయి. పండు తోలు మీద బూడిద రాసినట్టుండే ఆ పూతలో ఈస్టుతో సహా ఎన్ని రకాలు కాపురాలు పెట్టుకుని ఉంటాయో అందరికీ వర్ణించి చెప్పాను. (దాంతో కొన్నాళ్ళు ఎవరూ ద్రాక్ష ముట్టలేదు. వాళ్ళ వాటా కూడా నేనే తిన్నాను, శుభ్రంగా కడుక్కుని.)

అది గల్ఫ్ యుద్ధం నడుస్తున్న చలికాలం. క్షిపణులు పడుతున్నది మాకు చాలా దూరాన, రియాద్ వైపు. అయినా విషవాయువు వదులుతారని, మూతికి తడితువ్వాలు చుట్టుకోవాలని రేడియోలో విన్నకొద్దీ నా గదిలో ఉండే భీమవరం అక్కకు ప్రాణం కొట్టుకుపోయేది. అక్క నర్సు, నాకంటే బాగా పెద్దది. నాకు వంట చేసిపెట్టేదీ, అరబ్బీ నేర్పేదీ, ఏడిస్తే ఊరుకోబెట్టేదీ ఆవిడే. "శనివారం ఆఫీసుకెళ్ళి ఎగ్జిట్ అడిగేత్తానే. చత్తే చచ్చాను, మా ఊళ్ళో రెండిడ్లీలు తిని మరీ చత్తాను" అంది ఒకరోజు. ఎగ్జిట్ అంటే పాస్‌పోర్టు మీద ముద్ర కొట్టించుకుని ఇంటికి పోవడమే. అక్క లేని ఆ గదిలో నేను ఉండలేను. అయితే ఆ మాటల్లో నా చెవికి ఎక్కింది చావు కాదు, ఇడ్లీ. ఇడ్లీలే కదా కావాలి, ఇక్కడే పెడితే పోలా అనుకున్నాను.

చిక్కల్లా అభా చలి. కొండ మీది ఊరు కావడంతో రుబ్బిన పిండి ఎంతకీ పులిసేది కాదు. అప్పుడు నా బుర్ర వెలిగింది. కడగని ద్రాక్షగుత్తిని చిదిమి, గాజుగుడ్డలో మూటకట్టి పిండిలో పడేశాను. పాపం, పిండిని పులియబెట్టాల్సిన ఆ ఈస్టుకు ఆకలేస్తుందేమోనని గుప్పెడు పంచదార కూడా వేశాను. గిన్నెకు మూత బిగించి, అక్కకు తెలియకుండా మంచం కింద, హీటర్ పక్కన దాచాను.

శుక్రవారం పొద్దున టీ తాగుతుండగా మంచం కింద ఢమాల్‌మంది. మూత ఎగిరి గోడకు కొట్టుకుంది. గదంతా ఘాటు వాసన. "గ్యాసే! గ్యాసొదిలేశార్రో! ముక్కులు మూసుకోండే!" అంటూ అక్క తడితువ్వాలు మూతికి చుట్టుకుని నన్ను తలుపు వైపు ఈడ్చింది. వరండా నిండా కేకలు, పరుగులు. గుమ్మం దగ్గర అక్క ఆగి, తువ్వాలు దించి, గాలి పీల్చింది. "ఒసేయ్ రక్తాలా, ఇది గ్యాసు కాదే, కల్లు!" గ్యాసుకైతే తడితువ్వాలు ఉంది, మద్యం నిషేధమైన ఆ దేశంలో కల్లు వాసనకు ఏ తువ్వాలూ అడ్డం రాదు. (అక్క సంగతి దేవుడెరుగు, ముందు ఎగ్జిట్ నాకే కొట్టేలా ఉన్నారు.)

అంతలో వార్డెన్ వచ్చేసింది. ఆ కొండల్లోనే పుట్టిన పెద్దావిడ. మేమంతా 'ఖాలా' అని, అంటే పిన్నీ అని పిలిచేవాళ్ళం. "ఏష్ హాదా?" ఇదేమిటని గద్దించింది. అక్క నన్ను వెనక్కి తోసి, "ఖుబ్జ్, ఖాలా! హిందీ ఖుబ్జ్!" అంది. ఇండియా రొట్టెట! ఈలోగా ఆ రొట్టె లేత వంకాయ రంగు నురగై మంచం కింద నుంచి మా కాళ్ళ దగ్గరికి పాకుతోంది. ఖాలా వంగి, గిన్నెలోంచి వేలితో కాస్త తీసి నాలిక్కి రాసుకుంది. ఆవిడ ముఖం ఒక్కసారిగా విప్పారింది. "లహూహ్!" అని అరిచింది. వాళ్ళమ్మ పిండి పులియబెట్టి పోసే అట్టు పేరట అది. ఆ గిన్నె చంకన పెట్టుకుని వంటింటికి నడిచింది.

ఆవిడ పోసిన అట్లు పెనం మీద చిల్లులు చిల్లులుగా పొంగాయి. మెడలో తడితువ్వాళ్ళతోనే హాస్టలంతా చుట్టూ చేరి తిన్నాం. అక్క తింటూ తింటూ ఏడ్చింది.

"దీన్ని ఇడ్లీ అన్నావంటే చంపేత్తాను. అసలెందుకు చేశావే ఈ పని?"

"నువ్వెళ్ళిపోతావని" అన్నాను.

అక్క మెడలోని తువ్వాలుతో కళ్ళు తుడుచుకుంది. తర్వాత, "నేనెల్లిపోతే నువ్వీ బిల్డింగే పేల్చేత్తావు" అంటూ నా పళ్ళెంలో ఇంకో అట్టు వేసింది. శనివారం ఆవిడ ఆఫీసుకు వెళ్ళలేదు.

ఇప్పుడు మా ఇంట్లో ద్రాక్షను ఉప్పునీళ్ళలో నానబెట్టేది నేనే, కడగందే తినొద్దని మనవల మీద కేకలేసేదీ నేనే. కానీ నీళ్ళలో వేసేముందు ఒక పండు తీసి, బొటనవేలితో ఆ తెల్లపూతను తడిమి చూస్తాను. "వెళ్ళకక్కా" అని నోరు తెరిచి అడగడం చేతకాని ఆ పిరికిపిల్ల, ఈ పూతలోని అంత జనాభానీ సాయం పిలిచింది. పాపం, అవి వచ్చాయి కూడా.