ఆఖరున తిరిగే మోటారు

మా అన్న నన్ను సలహా అడగడం నాకు తెలిసి అదే మొదటిసారి. రోడ్డు వెడల్పు చేయడంలో పోయిన పొలానికి పరిహారం వచ్చింది. ఆ డబ్బు కల్లూరులో ఒక ఎంబెడెడ్ సాఫ్ట్‌వేర్ కంపెనీలో పెట్టాలని ఆయన ముచ్చట. వాళ్లు బోరు మోటార్ల స్టార్టర్ డబ్బాలకు ప్రోగ్రాం రాస్తారు. డబ్బా లోపల చిన్న చిప్‌లో ఉండే ఆ ప్రోగ్రాం, ఫోన్ చేస్తే మోటారు వేస్తుంది, ఆపుతుంది. కరెంటు పోయి వస్తే ఎవరూ చెప్పకుండానే మళ్లీ వేస్తుంది. దాన్ని బిగించుకున్న రోజే మా అన్న మనసు పారేసుకున్నాడు.

నేను కర్నూలులో ఇంజనీరింగ్ కాలేజీలో ఎలక్ట్రానిక్స్ పాఠం చెప్తాను. అందుకని బంధువుల ఇళ్లలో ఫ్యాన్ తిరగకపోయినా నాకే ఫోన్ వస్తుంది. ఇది ఫ్యాన్ కాదు. ఆ పరిహారం పోతే మళ్లీ వచ్చేది కాదు, కోసిగి పక్కన మా ఊళ్లో మిగిలిన చెక్క పొలం ఆయన సంసారానికి చాలేదీ కాదు. "పాపా, దుడ్లు పెట్టల్నా, వద్దా? ఒక్క మాట చెప్పు సాలు" అన్నాడు. నాకు యాభై దాటాయి, ఆయనకు ఇంకా పాపనే.

ఒక్క మాటలో తేల్చడం నా వల్ల కాదు. కల్లూరు పోయాను. కొత్త ఇళ్ల మధ్య, కింద టైల్స్ షాపు, పైన కంపెనీ. యజమాని కడప వైపు మనిషి, కార్లకు ప్రోగ్రాంలు రాసే ఉద్యోగం మానుకొని వచ్చాడు. అడిగినవన్నీ దాచకుండా చూపించాడు. అమ్మకాలు ఏటేటా పెరుగుతున్నాయి, ఖర్చు అదుపులో ఉంది. ప్రోగ్రాం వాళ్లు సొంతంగా రాసుకున్నదే. రాసిన తీరు శుభ్రంగా ఉంది. నా విద్యార్థుల్లో సగం మంది అలా రాస్తే నాకు బీపీ వచ్చేది కాదు. ఒక్క అనుమానం మాత్రం మిగిలింది. అమ్ముడైన డబ్బాల లెక్క ఉంది కానీ, వాటిలో పొలాల్లో ఇంకా పని చేస్తున్నవి ఎన్నో ఆయన చెప్పలేకపోయాడు.

ఆ సంగతి చూడ్డానికే ఊరికి పోయాను. మా అన్న మాట విని, ఆయన బోరుకు కరెంటిచ్చే ట్రాన్స్‌ఫార్మర్ కింద బోర్లున్న వాళ్లందరూ డబ్బాలు పెట్టించుకున్నారు. ఊళ్లో ఏ కొత్త వస్తువైనా మొదట ఆయన ఇంటికే రావాలి. బంతిలో మొదటి విస్తరి ఆయనది, పీర్ల పండగలో ముందు వరస ఆయనది. చిన్నప్పుడు మా ఇంట్లో పెనం మీది మొదటి రొట్టె కూడా ఆయనకే. దాని మీద నాకు ఇప్పటికీ కోపమే.

పొద్దున కరెంటు వచ్చింది. మా అన్న డబ్బా టక్కుమంది, అదే క్షణంలో మిగతావీ టక్కుమన్నట్టున్నాయి. పైపుల్లోకి నీళ్లు రాకముందే ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఫ్యూజు ఠప్పున పోయింది. మోటారు మొదలయ్యేటప్పుడు మామూలు కన్నా చాలా ఎక్కువ కరెంటు లాగుతుంది; అన్నీ ఒక్కసారే లాగితే ట్రాన్స్‌ఫార్మర్ తట్టుకోదు. తరచూ ఇదే తంతు అనీ, ఒకసారి ట్రాన్స్‌ఫార్మరే కాలిపోయి ఉల్లి ఎండిందనీ పక్క పొలం వాళ్లు చెప్పారు. కొందరు విసిగిపోయి డబ్బా తప్పించి మళ్లీ చేత్తోనే మోటారు వేసుకుంటున్నారు. ఒకరిద్దరి దగ్గర ఉన్నంత కాలం బాగా పని చేసిన డబ్బా, అందరూ కొన్నాక పనికిరాకుండా పోయింది. అమ్మకాలు పెరిగే కొద్దీ కంపెనీకి చెడ్డపేరే పెరుగుతుందన్నమాట. మా అన్న ఇదంతా నాకు ముందు చెప్పలేదు. ఫ్యూజు తీగ మంచిది కాదని వాదించాడు.

యజమానికి ఫోన్ చేశాను. ఆయనకు తెలుసు. విరుగుడు కూడా రాసి పెట్టుకున్నాడు: కరెంటు వచ్చాక డబ్బాలు ఒకదాని తర్వాత ఒకటి ఆగి ఆగి మోటార్లు వేస్తాయి. ఆఖరిది అయిదు నిమిషాలు ఆగాలి. మరి ఎందుకు పెట్టలేదంటే, రెండు ఊళ్లలో పెట్టబోయి వెనక్కి వచ్చామన్నాడు.

"ఆఖరున మేం ఉండం అంటాండారు మేడమ్. వాని మోటారు ఎనకాల నాదా అని కొట్లాటకొస్తాండారు."

రోజుకొకరిని మార్చవచ్చు కదా అన్నాను. మార్చినా ఎప్పుడో ఒకరోజు ఆఖరు రావాల్సిందే, ఆ రోజే డబ్బా విప్పేస్తారు అన్నాడు. నవ్వొచ్చింది కానీ, మా వైపు మనుషులు నాకు తెలుసు. అయిదు నిమిషాల నీళ్ల కోసం కాదు వాళ్ల బాధ, ఆఖరివాడు అనిపించుకోవడం ఇష్టం లేదు.

ఆ సాయంత్రం అన్నకు చెప్పాను. ప్రోగ్రాం బాగుంది, మనిషి మంచివాడు, అయినా డబ్బు పెట్టొద్దు. ఊరికొకరు ఆఖరున ఉండటానికి ఒప్పుకుంటే తప్ప ఈ కంపెనీ పెరగదు, అలాంటి వాళ్లు దొరకరు. "ఊరంతా నీలాంటోళ్లే కదన్నా" అని కూడా అన్నాను. రొట్టెల కోపం ఎక్కడికి పోతుంది.

అన్న మర్నాడు నా చేత ఫోన్ చేయించి యజమానిని రప్పించాడు, రైతులందరినీ ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరికి పిలిచాడు. కొత్త ప్రోగ్రాం ఎక్కించే ముందు, మొదట ఎవరిది పెట్టాలని యజమాని అడిగాడు. అందరూ అలవాటు కొద్దీ మా అన్న వైపు చూశారు.

"నాది ఆఖరున పెట్టప్పా" అన్నాడు మా అన్న.

ఆ తర్వాత వరస గురించి ఎవరూ నోరెత్తలేదు. ఆయనే ఆఖరున ఉంటానన్నాక మిగతావాళ్లు ఏ మొహం పెట్టుకొని అడుగుతారు? తెల్లారి కరెంటు వచ్చినప్పుడు పైపులు ఒకటొకటిగా నీళ్లు పోశాయి, ఫ్యూజు నిలిచింది. నేను ఊరుకోకుండా, ఒక్క ఊరిని చూసి కంపెనీ పెరుగుతుందని అనుకోకూడదు, ప్రతి ఊళ్లో ఇలాంటి మనిషి ఉండడని మళ్లీ మొదలుపెట్టాను.

"నేను ఆఖరున ఉంటానని నువ్వు అనుకుంటివా?" అన్నాడు.

అనుకోలేదు. పుట్టినప్పటి నుంచీ చూస్తున్న మనిషినే అంచనా వేయలేకపోయాను. సిగ్గనిపించింది, అంతకన్నా ఎక్కువ సంతోషమనిపించింది. అయినా నా పని నేను చేయాలి కాబట్టి, పోటీ కంపెనీల సంగతీ, చిప్‌ల ధరల సంగతీ, అరువు మీద సాగే అమ్మకాల సంగతీ అన్నీ చెప్పాను. ఓపిగ్గా విని, సగం కంపెనీలో పెట్టి సగం బ్యాంకులో వేశాడు.

ఆ కంపెనీ ఎంత పెరుగుతుందో నాకు ఇప్పటికీ తెలియదు. పొద్దున కరెంటు రాగానే మా అన్న గట్టు మీద నిలబడి నాకు ఫోన్ చేస్తాడు. ఇదివరకు పని లేకుండా ఫోన్ చేసిన మనిషి కాదు. కాలేజీకి ఆలస్యమవుతోందంటే వినడు. "ఇంకా నా వంతు రాలేదులే, మాట్లాడు పాపా" అంటాడు. ఎవరి పైపులో నీళ్లు పడ్డాయో చెప్తూ, మధ్యలో నా మోకాళ్ల నొప్పి ఎలా ఉందో అడుగుతాడు. కాసేపటికి ఆయన పైపులోంచి నీళ్లు దూకిన చప్పుడు నాకూ వినిపిస్తుంది. అప్పుడు ఫోన్ పెట్టేస్తాడు.