మందారకూ గబ్బిలానికీ తేడాలు

సైన్సు మాస్టారికి కోపమొస్తే కళ్ళజోడు నుదుటి మీదికి ఎక్కుతుంది, పెన్ను మూత పళ్ళ మధ్యకు చేరుతుంది. ఈ ఆదివారం రెండూ పొద్దుటి నుంచీ అక్కడే ఉన్నాయి. పరీక్షలో ఆయన అడగదలచింది మందారకూ ఉమ్మెత్తకూ తేడాలు, గబ్బిలానికీ పక్షికీ తేడాలు. టైపు చేసిన కాగితం సరిచూడకుండానే అచ్చుకిచ్చేస్తే, రెండు ప్రశ్నలూ కలిసిపోయి మందారా గబ్బిలమూ మిగిలాయి. పిల్లలు మాత్రం తడుముకోకుండా నిలువు గీత కొట్టి మరీ రాసేశారు. మందార నిటారుగా నిలబడును, గబ్బిలం తలకిందులుగా వేలాడును. మందార పూలు పూయును, గబ్బిలం పిల్లలకు పాలిచ్చును. కొట్టేద్దామంటే ఒక్క ముక్కా తప్పు కాదు, మార్కులు వేద్దామంటే చెయ్యి రావడం లేదు.

“క్లాసు క్లాసంతా బుర్రలు ఇంట్లో పెట్టి వచ్చారా!” అని జవాబు పత్రాల కట్టను బల్ల మీద విసిరికొట్టి, అదే క్లాసులో చదివే కూతుర్ని కేకేశారు. “ప్రశ్న తప్పని నీకైనా తెలీలేదా? నోరు విప్పి అడిగితే ముత్యాలు రాలిపోతాయా?”

బట్టలు మడతపెడుతున్న పిల్ల తలెత్తలేదు. “అడిగాను నాన్నా. ఆ రోజు మా గదిలో కాపలా ఉన్నది నువ్వే. న్యూస్ పేపర్లోంచి తలెత్తకుండా, ‘నోరు మూసుకుని ఉన్నది రాయి’ అన్నావు.”

మాస్టారు కళ్ళజోడు కిందికి దించుకుని, కట్టలోంచి కూతురి జవాబు వెతికి తీశారు. చివరి తేడా ఇలా ఉంది: గబ్బిలం చిన్న చప్పుడైనా వినును, మందార ఎంత అరిచినా వినదు. దాని పక్కన పొద్దున తనే ఎర్ర సిరాతో రాసిన మాట ఉంది: అనవసరం.