నాపరాయి మధ్యలో సందు

మా రచయితల గుంపులో ఒక నియమం ఉంది. ఎవరు రాసింది వాళ్లు చదవకూడదు, ఇంకొకరు చదవాలి. చదవడం అయ్యాక అందరూ తలా ఒక మాట చెప్పేదాకా రాసినవాళ్లు నోరు విప్పకూడదు. రాసినవాళ్లు పక్కనుంచి అందిస్తూ పోతే కథ తన కాళ్ల మీద తాను నిలబడుతుందో లేదో తెలియదని, ఈ నియమం పెట్టింది మా గుంపు పెద్ద, రిటైరైన తెలుగు మాస్టారు. ముక్కు మీద కోపం ఉన్నదాన్ని నేను చేరాకే పెట్టారని నా అనుమానం.

మేం నెలకో ఆదివారం నరసరావుపేటలో ఒక బైకు మెకానిక్ షాపు పైన కూర్చుంటాం. షాపు మేమంతా భాయి అని పిలిచే మెకానిక్‌ది. ఆయనా కవే. గ్రీజు అంటకుండా కాగితం పట్టుకోవడం మాత్రం ఆయనకి ఇప్పటికీ చేతకాదు.

మాది దాచేపల్లి. పొద్దున్నే ఇంటి ముందు ఇడ్లీ, దోసె వేసి అమ్ముతాను. మధ్యాహ్నం రేపటికి పిండి సిద్ధం చేసేటప్పుడు నాకు కథలు తన్నుకొస్తాయి. చేతులు పిండిలో ఉంటాయి కాబట్టి ఫోన్‌ని ఉప్పు డబ్బాకి ఆనించి నోటితో చెబుతాను, అది టైపు చేసుకుంటుంది. మా ఆయన సిమెంటు లారీ డ్రైవరు. డ్యూటీ దిగొచ్చి ఆ వేళకి పక్క గదిలో పడుకుని ఉంటాడు. ఒకసారి, "ఇంతసేపు ఎవరితో మాట్లాడతన్నావు?" అని అడిగాడు.

"ఎవరితో కాదు, కథ" అన్నాను.

మళ్లీ అడగలేదు. అడగకపోవడమే నాకు గుబులు పుట్టించింది. కథలేంది, ఆదివారం పూట పేటకి పోవడమేంది అని మా ఆడబిడ్డ ఆయన చెవిలో వేస్తూనే ఉండేది. ఆయన అవుననేవాడు కాదు, కాదనేవాడూ కాదు. ఒక్క వంక దొరికితే చాలు, నా ఆదివారాలు ఆగిపోతాయని భయంగా ఉండేది. ఆ పైమేడ గది తప్ప నాకంటూ ఇంకో చోటు లేదు.

నా కథ చదవాల్సిన ఆదివారం బస్సు రాలేదు. నేను రోడ్డు మీద చిందులు తొక్కుతుంటే మా ఆయన బైకు తీసి "ఎక్కు" అన్నాడు. పేటలో దించి, తను కింద షాపులోనే కూర్చుంటానన్నాడు. భాయి వింటేనా. "పైకి రా బావా, చాయ్ తాగుదువు" అని లాక్కొచ్చి వెనక బెంచీ మీద కూర్చోబెట్టాడు.

కథ మా ఇంటి ముందున్న నాపరాయి గురించి. పల్నాడులో ఏ గడప ముందైనా కనిపించే పలకరాయే అది. దాని మీదే టిఫిన్లు అమ్ముతాను, దాని మీదే బియ్యం ఏరుకుంటాను, ఎండాకాలం దాని మీదే పడుకుంటాం. చదవమని మాస్టారు కాగితాలు కాలేజీ మేడం చేతికిచ్చారు. ఆమె విశాఖపట్నం వైపు నుంచి వచ్చి కొత్తగా చేరింది. గొంతు బాగుంటుంది. కాగితం మీద ఎలా ఉంటే అలా, ఖాళీ ఉన్నచోటల్లా ఆగి మరీ చదువుతుంది.

"కథ పేరు" అని ఊపిరి పీల్చుకుని, "నా... పరాయి" అంది.

ముందు ఇంకెవరి కథో అనుకున్నాను. తర్వాత అర్థమైంది. ఫోను నా రాయిని రెండు ముక్కలు చేసింది. జిరాక్సు తీయించే ముందు నేను చూసుకున్నాను, కానీ నా కంటికి అది రాయిలాగే కనపడింది.

"పెళ్లైన కొత్తలో మా ఆయన లారీ ఎక్కి వెళ్లిపోతే నాకు తోడు నా పరాయే. వేసవిలో నా పరాయి మీద నడుం వాలిస్తే పగటి అలసటంతా ఎటో పోయేది."

నోరు తెరిచాను. మాస్టారు పెదాల మీద వేలు పెట్టి చూపించారు. వెనక బెంచీ వైపు తిరిగే ధైర్యం లేదు. "ఇరుగుపొరుగు కూడా వచ్చి నా పరాయి మీద కూర్చునేవాళ్లు" అన్నచోట మేడం తడబడింది, అయినా గొంతు సర్దుకుని కథ ముగించింది.

మాటలు మొదలయ్యాయి. భర్త లేని వేళ ఆ ఇల్లాలు మనసులో కల్పించుకున్న మనిషే ఈ పరాయి అనీ, చాలా ధైర్యంగా రాసిందనీ మాస్టారు మెచ్చుకున్నారు. ఇరుగుపొరుగు కూర్చోవడమంటే లోకనింద బరువట. భాయి మాత్రం, "నాకా కూర్చునే ముక్క అర్థం కాలా" అన్నాడు. నాపరాయి మీద పాకి పెరిగినవాళ్లే, కథ అనేసరికి కళ్లెదుట రాయి కనపడలేదు. నాకు ఒళ్లు మండిపోయింది. అంతకుమించి భయం వేసింది.

చివరికి మాస్టారు వెనక్కి చూసి, "మీరు కూడా ఒక మాట చెప్పండి" అన్నారు.

మా ఆయన లేచి నిలబడ్డాడు. "అది పరాయి కాదు సార్. నాపరాయి. మా ఇంటి ముందరిది. మాచర్ల నుంచి నేనే ఏసుకొచ్చా."

మేడం కాగితం వంక చూసుకుని నాలుక కరుచుకుంది. ముందు భాయి నవ్వాడు, తర్వాత మాస్టారు కళ్లజోడు తీసి మరీ నవ్వారు. నాకు పోయిన ప్రాణం లేచొచ్చింది.

మా ఆయన మాత్రం కూర్చోలేదు. "ఇంకో ముక్క ఉండాల. అది చదవలా మీరు" అన్నాడు.

"ఏ ముక్కండీ?" అంది మేడం, కాగితాలు తిరగేస్తూ.

"ఆ రాయి దించేటప్పుడు నా వేళ్లు నలిగినయ్. మానిందాకా ఈమే అన్నం కలిపి పెట్టింది. ఫోన్లో చెప్పేటప్పుడు చెప్పిందిగా. నేను పడుకుని వింటానే ఉన్నా."

ఆ ముక్క నేనే తీసేశాను. మా ఇద్దరి సంగతి నలుగురిలో చదివిస్తే బాగుండదని సిగ్గుపడ్డాను. ఇన్నాళ్లూ ఆయన నిద్రపోతున్నాడనే అనుకున్నాను. నా కథలన్నీ అందరికంటే ముందు విన్నది ఆయనేనన్నమాట. సంతోషంతో నాకు ఏడుపొచ్చింది.

"ఇప్పుడు నువ్వు మాట్లాడొచ్చమ్మా" అన్నారు మాస్టారు.

ఫోన్‌ని, మాస్టారిని, మేడాన్ని తిట్టడానికి నా దగ్గర బోలెడు మాటలు సిద్ధంగా ఉన్నాయి. అవన్నీ పక్కన పెట్టేశాను. తీసేసిన ముక్కే నోటితో చెప్పాను. నేను చెబుతున్నంతసేపూ మా ఆయన కుడిచేయి వెనక్కి పెట్టుకుని గోడ వంక చూస్తూ నిలబడ్డాడు.

తిరిగొచ్చేటప్పుడు బైకు మీద ఆయన వెనక కొంచెం ఎడంగా కూర్చున్నాను. పిడుగురాళ్ల దాటాక, తల కొంచెం వెనక్కి తిప్పి, "ఈసారి చూసుకుని రాయి. మధ్యన సందు పెట్టమాక" అన్నాడు.

"సరే" అని నేను ముందుకు జరిగి కూర్చున్నాను.