మా చెల్లి పెళ్ళికార్డులో ముగ్గురు తాతలు

మా నాన్నకు ఇద్దరు నాన్నలు. ఈ మాట ఎవరికి చెప్పినా ఒకసారి ఆగి నా మొహంలోకి చూస్తారు కాబట్టి ముందే విడమరిచి చెప్పేస్తాను. నాన్నను కన్నది త్రిపురారంలో ఉండే మా చిన్నతాత. ఆయనకు వరసగా ముగ్గురు కొడుకులు. కోదాడలో స్థిరపడ్డ ఆయన అన్నకు మాత్రం పిల్లలు లేరు. చిన్నతాత ఒకరోజు మూడోవాడిని చంకనెత్తుకుని కోదాడ వెళ్ళి, అన్నావదినల చేతుల్లో పెట్టి వచ్చాడు. కాగితాలేమీ రాసుకోలేదు. అన్నదమ్ముల మధ్య కాగితం అడిగితే తన్నుకునే రోజులవి.

అప్పటినుంచీ నాన్నకు కోదాడ నాయనమ్మే అమ్మ. కన్న తండ్రిని "చిన్నాయినా" అని పిలుస్తాడు. బడి రిజిస్టరులో, ఉద్యోగం కాగితాల్లో తండ్రి పేరంటే కోదాడ తాత పేరే.

నాన్న సూర్యాపేటలో పోస్ట్‌మ్యాన్‌గా చేసి రిటైరయ్యాడు. ఊళ్ళో సగం మందిని తండ్రి పేరుతో సహా గుర్తుపడతాడు. ఎవరైనా ఆయన సొంత తండ్రి సంగతి ఎత్తితే మాత్రం "జర చాయ్ తాగొస్త" అని లేచిపోతాడు. ఆయన తాగిన చాయ్‌లన్నీ ఆ ప్రశ్న పుణ్యమేనని నా అనుమానం.

మా చెల్లికి మిర్యాలగూడ సంబంధం ఖాయమైన వారంలోనే చిన్నతాత ఫోన్ చేశాడు. ఆయనకు తొంభై దగ్గరపడ్డాయి. ఫోన్‌లో మాట్లాడితే పక్క ఊరికి వినపడుతుంది.

"బిడ్డా, ఇంట్ల ఇదే ఆఖరు పెండ్లి గదా. కార్డుల నా పేరు గూడ ఏస్తరా?"

"అడిగి చెప్తా తాతా," అని ఫోన్ పెట్టేశాను. నా పెళ్ళికార్డులో కోదాడ తాత పేరు, అమ్మ వాళ్ళ నాన్న పేరు వేశారు. చిన్నతాత ఆ పెళ్ళికి వచ్చాడు. ఫొటోలో చివర నిలబడ్డాడు, అన్నం తిన్నాడు, బస్సెక్కి వెళ్ళిపోయాడు. కన్న కొడుకు ఇంటి పెళ్ళికి చుట్టపుచూపుగా వచ్చి వెళ్ళాడని ఇన్నేళ్ళకు గానీ నాకు తట్టలేదు. నా మీద నాకే కోపం వచ్చింది, ఆ కోపాన్ని అలవాటు ప్రకారం అమ్మ మీద చూపించాను.

"ఆయన పేరు ఏస్తే కోదాడల మీ నాయనమ్మ ఏమనుకుంటదో సోచాయించినవా?" అంది అమ్మ. "ముసలితనంల కొడుకును గుంజుకుంటున్నరు అనుకోదా?"

నాన్నను అడిగితే "మీ ఇష్టం" అన్నాడు. తర్వాత ఎక్కడికి వెళ్ళాడో చెప్పక్కర్లేదు.

సరిగ్గా ఆ రోజుల్లోనే మా చర్చిలో స్త్రీల కూడికకు వాక్యం చెప్పమని పాస్టరమ్మ నన్ను అడిగింది. నేను బడిలో పాఠాలు చెబుతాను కాబట్టి నాకు అన్నీ తెలుసని వాళ్ళ నమ్మకం. నాది కూడా అదే నమ్మకం. క్రిస్మస్ దగ్గరపడుతోంది, అందరూ గబగబా దాటేసే యేసు వంశావళి మీద మాట్లాడతానని ఒప్పుకున్నాను.

బడి నుంచి ఒక చార్టు తెచ్చి రెండు నిచ్చెనలు గీశాను. మత్తయి అబ్రాహాము దగ్గర మొదలుపెట్టి కిందికి దిగుతాడు. లూకా యేసు దగ్గర మొదలుపెట్టి ఆదాము దాకా పైకెక్కుతాడు. దావీదు దగ్గర ఇద్దరూ కలుస్తారు. దావీదు తర్వాత ఒకరు సొలొమోను గుమ్మంలోంచి వస్తే ఇంకొకరు నాతాను గుమ్మంలోంచి వస్తారు. చివరికి యోసేపు తండ్రి యాకోబని మత్తయి, హేలీ అని లూకా.

"ఇంతకీ యోసేపు గారి నాన్న ఎవరండీ? ఏదో ఒకటి తేల్చండి," అంది ముందు వరసలో కూర్చున్న రిటైర్డ్ నర్సు. ఆమెది కృష్ణా జిల్లా, ఏదీ నానబెట్టనివ్వదు.

లూకా రాసింది మరియమ్మ పుట్టింటి వరస అయ్యుండొచ్చని, హేలీ యోసేపుకు మామ కావచ్చని కొందరంటారు అన్నాను. వెనకనుంచి ఒకామె చెయ్యెత్తింది.

"గంతే ఉంటది మేడమ్. మా ఆయన ఇల్లరికం వచ్చిండు. ఊర్ల అందరు మా నాయిన కొడుకనే అంటరు. ఆయనే మరిచిపోయిండు ఎవరి కొడుకో."

నవ్వులు ఆగాక రెండో సమాధానం చెప్పాను. యూదుల్లో ఒక పద్ధతి ఉండేది. ఒకడు పిల్లలు లేకుండా చనిపోతే వాడి అన్నో తమ్ముడో ఆ వితంతువును చేసుకోవాలి. పుట్టిన మొదటి కొడుకును చనిపోయినవాడి కొడుకుగానే లెక్కవేస్తారు. యాకోబు, హేలీ ఒకే తల్లి బిడ్డలని, హేలీ పిల్లలు లేకుండా పోతే యాకోబు ఆ ఇల్లు నిలబెట్టాడని పాతకాలం పెద్దలు చెప్పుకున్నారు.

"అంటే కన్నది ఒకళ్ళు, పేరు ఇంకొకళ్ళది," అంది నర్సు.

స్కెచ్ పెన్నుతో చార్టు వైపు తిరిగాను. అది మా ఇల్లే కదా! ఇందులో ఏది నిజమో ఎవరూ తేల్చలేదని, నేనూ తేల్చలేనని ఒప్పుకున్నాను. కానీ ఆ రెండు పుస్తకాలూ ఒకే అట్టలో పక్కపక్కనే కూర్చున్నాయి, ఒకటి ఇంకొకటి చెప్పింది కొట్టేయలేదు, మనకెందుకు అంత తొందర అని గొంతు పెంచి అడిగాను. అందరూ ఆమెన్ అన్నారు. ఇంటికి వస్తూ దారిలోనే నిర్ణయం తీసుకున్నాను, కార్డులో ఇద్దరు తాతల పేర్లూ ఉంటాయి.

ప్రింటింగ్ షాపువాడు ఫోన్‌కు డిజైన్ పంపాడు. తాతల పేర్లకు రెండు ఖాళీలు ఉన్నాయి. నేను ఒకదాంట్లో కోదాడ తాతను, ఇంకోదాంట్లో త్రిపురారం తాతను నింపి ఇంటి గ్రూపులో పెట్టాను. అందరూ బొటనవేలు బొమ్మలు పెట్టారు. ఎవరి పేరు వాళ్ళు చూసుకుని పెట్టారని తర్వాత తెలిసింది. నాలుగు వందల కార్డులు అచ్చయి ఇంటికి వచ్చాయి.

అమ్మ కట్ట విప్పి, ఒక కార్డు తీసి, పైనుంచి కిందిదాకా చదివి, మళ్ళీ పైకి వచ్చింది.

"నేను ఆకాశంలకెంచి ఊడిపడ్డనా?" అంది. "మా నాయిన పేరు ఏడికి పాయె?"

నిజమే. నాన్న తండ్రులిద్దరికీ రాజీ కుదిర్చే హడావుడిలో అమ్మకున్న ఒక్క తండ్రినీ మింగేశాను. ఆ రెండో ఖాళీ అమ్మ వాళ్ళ నాన్నది. పులి మీద పుట్రలా అదే సాయంత్రం, మా చెల్లి పంపిన కార్డు ఫొటో చూసి మిర్యాలగూడ నుంచి కాబోయే వియ్యపురాలు ఫోన్ చేసింది. "మీ తల్లిగారిల్లు త్రిపురారమా వదినా? మాకు చెప్పనే లేదు," అంది. అమ్మ రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మాట్లాడకుండా అన్నం పెట్టింది, అది ఇంకా కష్టం.

మళ్ళీ షాపుకు వెళ్ళాను. వాడు కాగితం అటూ ఇటూ తిప్పాడు.

"మేడమ్, తాతలు ఎవ్వరికైన ఇద్దరే ఉంటరు గదా. ఈ మూడో ఆయన ఎవరు?"

"నీకు బైబిల్ క్లాసు చెప్పే ఓపిక నాకు లేదు. చెప్పింది కొట్టు," అన్నాను. వాడికి నమ్మకం కుదరక నాన్నకు ఫోన్ చేశాడట. "మేడమ్ చెప్పినట్టే చెయ్యి," అని నాన్న పెట్టేశాడు. అలా మా చెల్లి కార్డులోకి ముగ్గురు తాతలు వచ్చి కూర్చున్నారు.

మొదటి కార్డులు పెద్దవాళ్ళ చేతికి ఇచ్చి ప్రార్థన చేయించుకోవడం మా ఇళ్ళలో ఆనవాయితీ. శనివారం పొద్దున్నే నాన్నా నేనూ బయలుదేరాం. బస్సులో ఆడవాళ్ళకు ఉచితం కాబట్టి నాకు జీరో టికెట్, ఆయనకు పైసల టికెట్. "ఆడిపిల్లనై పుట్టినా బాగుండు," అని మిర్యాలగూడ దాకా నవ్వించాడు. అక్కడినుంచి త్రిపురారం ఆటో ఎక్కాక మాటలు తగ్గాయి. కాలువ పక్కన నాట్ల కోసం మళ్ళు దున్నుతున్నారు, నాన్న అటే చూస్తూ కూర్చున్నాడు.

చిన్నతాత బనీను మీద వాకిట్లో మంచం వేసుకుని కూర్చున్నాడు. నేను కార్డు చదివాను. తన పేరు రాగానే చెయ్యెత్తి ఆపాడు.

"మల్ల సదువు."

మళ్ళీ చదివాను. లేచి లోపలికి వెళ్ళి, ఉతికిన చొక్కా తొడుక్కుని వచ్చి, గుండీలన్నీ పెట్టుకుని కూర్చున్నాడు. కార్డు ఒడిలో పెట్టుకున్నాడు. నా కళ్ళు చెమర్చాయి. ఇంత చిన్న పనికి నెలరోజులు తర్జనభర్జన పడ్డామా అనిపించింది.

"వదినకు ఎరుకేనా?" అని అడిగాడు.

"ఇంకా చెప్పలేదు తాతా."

ఆయన ఒడిలో కార్డు సర్దుకున్నాడు.

"మా అన్న పోయినప్పుడు మీ నాయినకు నాలుగేండ్లు. వదిన ఒక్కతే అయిపాయె గదా, పిల్లగాన్ని తోల్కొచ్చుకుందమని కోదాడ పోయిన. ఆమె వీణ్ణి ఒళ్ళె కూసోబెట్టుకొని ఒక్కటే మాట అడిగింది. నువ్వు మీ అన్నకిచ్చినవా, నాకిచ్చినవా అని. నేనేం జెప్త? అదే బస్సుకు మల్లొచ్చిన." కార్డు నా చేతికి తిరిగి ఇచ్చాడు. "ఆమె వద్దంటే నా పేరు కొట్టేయి బిడ్డా. నాకేం రంది లేదు."

దిగులేం లేదన్న మనిషి చొక్కా గుండీలు విప్పలేదు. నాన్న ఈ సంగతి మొదటిసారి వింటున్నాడని నాకు అర్థమైంది, ఎందుకంటే చాయ్ మాట ఎత్తకుండా మంచం కోడు పట్టుకుని కూర్చుండిపోయాడు. ప్రార్థన చేసేటప్పుడు చిన్నతాత ఆయన తల మీద చెయ్యి పెట్టాడు. నాన్న వద్దనలేదు.

హుజూర్‌నగర్ మీదుగా కోదాడ చేరేసరికి మధ్యాహ్నం దాటింది. దారి పొడుగునా నాయనమ్మకు ఎలా చెప్పాలో మనసులో కూర్చుకున్నాను. ఆమె వద్దంటే నాలుగు వందల కార్డుల కంటే ఆ గుండీలే నన్ను ఎక్కువ బాధపెడతాయి. సరే అని మనసులో కష్టపెట్టుకుంటే అది ఇంకా ఘోరం.

నాయనమ్మ రైస్‌మిల్లు వెనక రెండు గదుల ఇంట్లో ఉంటుంది. ఆ మిల్లులోనే చాట పట్టి, నూక చెరిగి, తవుడు ఎత్తి నాన్నను చదివించింది. సూర్యాపేట రమ్మంటే "నాకు మిల్లు చప్పుడు లేకపోతే నిద్ర పట్టదు" అంటుంది.

"ఎండన పడి వచ్చారు, కాళ్ళు కడుక్కోండి, అన్నం తిందురు," అంది. నేను ఆగలేదు. యాకోబు, హేలీ, రెండు నిచ్చెనలు, యూదుల పద్ధతి అన్నీ మొదలుపెట్టాను. సగంలో ఆపేసింది.

"ఆ యోసేపు సంగతి తర్వాత చూద్దాం గానీ కార్డు సదువు."

చదివాను. కోదాడ తాత, త్రిపురారం తాత, అమ్మ వాళ్ళ నాన్న. రెండో పేరు దగ్గర నా గొంతు కొంచెం తగ్గింది.

"మరిది పేరు వేశారా? మంచి పని చేశారు," అంది నాయనమ్మ. "కన్నాడు గదా. అబద్ధమేముంది?"

నెలరోజుల బరువు దిగిపోయింది. హమ్మయ్య అనుకుని కార్డు కవరులో పెడుతున్నాను. ఉప్పు ఎక్కడ పెట్టావని అడిగినంత మామూలుగా అడిగింది:

"మరి నా పేరు ఎక్కడొచ్చింది?"

"తాతల పేర్లే వేస్తారు నాయనమ్మా," అన్నాను. ఆ మాట నా చెవుల్లో పడ్డాక నాకు తల కొట్టేసినట్టయింది. నాలుగేళ్ళు తండ్రిగా ఉండి చనిపోయిన మనిషి పేరు ప్రతి కాగితంలోనూ ఉంది. చిన్నతాతకు అన్యాయం జరిగిందని చర్చిలో గొంతు చించుకున్నాను. అమ్మ వాళ్ళ నాన్న కోసం నాలుగు వందల కార్డులు మళ్ళీ కొట్టించాను. తవుడు బస్తాలు ఎత్తిన ఈ మనిషి నాకు ఒక్కసారి గుర్తుకు రాలేదు. రాలేదు, అంతే, దానికి నా దగ్గర సాకు లేదు.

"ఊరికే అడిగాలే. పప్పు చల్లారుతుంది, లేవండి," అంది నాయనమ్మ.

నాన్న లేవలేదు. జేబులో పెన్ను తీసి నా చేతిలోని కార్డు అందుకున్నాడు. ముగ్గురు తాతలకూ పైన ఉన్న ఖాళీలో, మనియార్డరు ఫారాలు నింపిన ఆ గుండ్రటి చేతిరాతతో నాయనమ్మ పేరు ఇంటిపేరుతో సహా రాశాడు. పక్కన "గారి మనుమరాలు" అని రాశాడు. తర్వాత నా వైపు చెయ్యి చాపాడు.

"తక్కినయి గూడ ఇటు తియ్యి."

కోదాడలో పంచడానికి తెచ్చిన కార్డులన్నీ ఆయన ముందు పెట్టాను. ఒక్కొక్కటే తీసి రాస్తున్నాడు. తల ఎత్తలేదు, ముక్కు మాత్రం రెండుసార్లు ఎగబీల్చాడు.

నాయనమ్మకు చదువు రాదు. మొదటి కార్డు తీసుకుని, ఎక్కడ అని అడిగింది. నాన్న ఆమె వేలు పట్టుకుని మొదటి అక్షరం మీద పెట్టి, చివరి అక్షరం దాకా మెల్లగా జరిపాడు.

"ఇంత పొడుగుంటదా నా పేరు!" అంది.