యేసయ్య కాలేయంలో ఊళ్ళ మర్యాద

నారాయణఖేడ్ నుంచి కల్హేర్ వైపు కూల్‌డ్రింకు పెట్టెల ఆటో తోలుకుపోతున్న సుభాష్‌కు, కంది చేల పక్కన ఎండలో నడుస్తున్న మనిషొకడు కనిపించాడు. నడక చూసే పోల్చుకున్నాడు. ఆ చుట్టుపక్కల చర్చి కుటుంబాల్లో సగం పెళ్ళిళ్ళు కుదిర్చిన యేసయ్య.

"ఏంది మామా, బస్సు తప్పిందా? ఎక్కు."

యేసయ్య వెనకున్న పెట్టెల్ని చూసి కాసేపు తటపటాయించాడు.

"నీ బండెక్కితె దుష్మన్ బండెక్కినట్టేరా," అని, ఎక్కనే ఎక్కాడు. "దవాఖానకు పోయొస్తున్న. స్కానింగ్ తీసిండ్రు. లివర్‌కు కొవ్వు వట్టిందట."

సుభాష్ కాలు బ్రేకు మీదికి పోయింది. యేసయ్య పుట్టి బుద్ధెరిగాక కల్లు చుక్క ముట్టలేదని ఊరూరా తెలుసు.

"మామా, ఎప్పుడన్న చాటుంగ..."

"నువ్వు గూడ గదే మాట! మా ఆమె ఇంట్ల డబ్బాలన్నిటి మూతలు తీసి వాసన చూసింది. దొరికింది చింతపండే."

డాక్టరమ్మ చిన్నపిల్లయినా ఓపికగా చెప్పిందట. చక్కెరలో రెండు రకాల తీపి జంటగా ఉంటుంది. ఒకటి గ్లూకోజ్. దాన్ని ఒళ్ళంతా పంచుకుని ఖర్చు పెట్టుకుంటుంది. రెండోది ఫ్రక్టోజ్, పండ్లలో, తేనెలో ఉండేది. దాని భారం ఎక్కువగా కాలేయం మీదే పడుతుంది. కొంచెమైతే ఎలాగో సర్దుకుంటుంది. సీసాలకు సీసాలు గటగటా దిగితే మాత్రం, ఏం చెయ్యాలో తోచక కొవ్వుగా మార్చి తనలోనే దాచుకుంటుంది. రక్తంలోనూ కొవ్వు పెరుగుతుంది. యూరిక్ యాసిడ్ పెరిగి కొందరికి కాలి బొటనవేలు వాచిపోతుంది. పైగా తీపి తాగితే కడుపు నిండిన సంగతే తెలియదు.

నిజానికి కాలేయాన్ని తిట్టడానికేం లేదు. అడవులు పట్టి తిరిగిన మన పూర్వులకు తీపి దొరికేది పండ్ల కాలంలోనే, లేదంటే తేనెపట్టు కనబడ్డ రోజున. దొరికినప్పుడు దాచుకున్న ఒళ్ళే కరువులో బతికి బట్టకట్టింది. ఇప్పుడు ఆ పండ్ల కాలం ఏడాది పొడుగునా కిరాణా కొట్టు ఫ్రిజ్జులో కాపురముంటోంది. దాచినదాన్ని కరిగించే కరువే రావడం లేదు. పాపం, ఈ కబురు కాలేయానికి ఎవరు చేరవెయ్యాలి?

యేసయ్యకు వచ్చిన చిక్కు వేరు. ఆ ఊళ్ళలో పెండ్లిమాట తెచ్చినవాడికి ఆడపిల్లవాళ్ళు తీపి నీళ్ళిస్తారు. గ్లాసు ఖాళీ చేస్తే మాట కలిసినట్టు, వదిలేస్తే తెగినట్టు. మొహం మీద కాదనే బాధ లేకుండా పెద్దలు చేసుకున్న ఏర్పాటు. ఒకప్పుడు చెంబు నీళ్ళలో చిన్న బెల్లం ముక్క. తరవాత మర్యాద పెరిగింది, బెల్లం పోయి కూల్‌డ్రింకు వచ్చింది, సీసా పెరిగింది.

"ఇప్పుడు రిబ్కమ్మ ఇంటికే," అన్నాడు యేసయ్య. "వాళ్ళ బిడ్డ రోజకు, సిర్గాపూర్ నాగేశ్‌కు మాట కలపాలె. పిల్లలిద్దరికి మనసున్నది. పోయినేడు ఒక సంబంధమోళ్ళు గ్లాసు ముట్టకుండ లేచి పోయిండ్రని ఆమె ఇంక కుములుతనే ఉన్నది. నేను తాగకపోతె మాట తెగుతది. లివర్ అని చెప్తె తాగుబోతంటది. తాగుబోతు తెచ్చిన సంబంధం ఎవలు జేస్కుంటరు? నువ్వాడ నోరు తెరవకు."

"నేనెందుకు తెరుస్త మామా!" అన్నాడు సుభాష్. తెరవకూడదనే అనుకున్నాడు కూడా.

రిబ్కమ్మ సుభాష్ బండిలోంచే అన్నిటికన్నా పెద్ద సీసా కొని, చెంబంత గ్లాసు నిండా పోసి యేసయ్య ముందు పెట్టింది. తలుపు వెనక రోజ గాజులు మోగాయి. యేసయ్య గ్లాసు వైపు చూశాడు, దూలం వైపు చూశాడు, వానల గురించి మాట్లాడాడు, సోయా ధర గురించి మాట్లాడాడు. నురగ చల్లారింది. రిబ్కమ్మ మొహం కూడా.

"గట్లనా అన్నా," అంది. "సిర్గాపూరోళ్ళు వద్దన్నరా? జల్దీ చెప్పరాదు, ఈ సతాయించుడేంది?"

సుభాష్ ఉండబట్టలేక గ్లాసు అందుకోబోయాడు. "అత్తా, నేను తాగుత తియ్యి."

"నువ్వెవనివి? పెండ్లిపెద్దవా? పెట్టు కింద!"

"అది కాదత్తా, మామకు లివర్ ఖరాబైంది!"

యేసయ్య కళ్ళు మూసుకున్నాడు.

"ఓర్నీ!" అంది రిబ్కమ్మ, ముక్కు మీద వేలేసుకుని. "చర్చి గుడిల ముందు వరుసల కూసుంటవ్ గదన్నా! ఎప్పటిసంది నడుస్తుందిది?"

యేసయ్యకు ఇక దాచడానికేం మిగల్లేదు. లేచి నిలబడ్డాడు.

"ఎప్పటిసందా? మీ ఇండ్లకు సంబంధాలు మోసుడు మొదలుపెట్టినప్పటిసంది! గీ సీసలు నా పైసలతోని తాగిన్నా? మీ ఆడబిడ్డ పెండ్లికి ఎన్ని గ్లాసులు పోసినవ్, యాదికి తెచ్చుకో! చాలన్న కొద్దీ పోస్తివి. నా లివర్ల ఉన్నదంత మీ మర్యాదనే, రిబ్కమ్మా! కోసి చూస్తె ఏ ఊరిది ఎంతనో గూడ తెలుస్తది!"

ముందు రోజ నవ్వింది, తలుపు వెనకే. ఆ నవ్వు ఆగలేదు. రిబ్కమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకున్నా లాభం లేకపోయింది.

"అయితె మాట కలిసినట్టా, తెగినట్టా?" అంది కళ్ళు తుడుచుకుంటూ. "తీపి నోట్ల పడకుంట నేనెట్ల నమ్మాలె?"

రోజ బయటికొచ్చింది. చేతిలో వాళ్ళ కంచెకు కాసిన సీతాఫలం, మగ్గి పగిలింది.

"అమ్మా, గిది తీపి కాదా?"

అందరూ యేసయ్య వైపు చూశారు. "పండయితె కొరికి తినుమన్నది డాక్టరమ్మ," అన్నాడు. "పీచుతోని మెల్లగ దిగుతదట. రసం తీసి తాగితెనే పరేషాన్."

సీతాఫలాన్ని ఎవరూ గటగటా మింగలేరు. ఒక్కో తొన, ఒక్కో గింజ. యేసయ్య తింటూంటే రిబ్కమ్మ ఎదురుగా కూర్చుని ఒక్క తొన వదలకుండా చూసింది. చూస్తూ ఊరికే ఉండలేక పెట్టుపోతలు మాట్లాడింది, చీరల మాట ఎత్తింది, క్రిస్మస్ దాటాక మంచిదా, ముందే మంచిదా అని సుభాష్‌ని కూడా సలహా అడిగింది. గింజలన్నీ గుమ్మం పక్కన కుప్ప పడేసరికి పెళ్ళి జనవరిలో తేలింది. రిబ్కమ్మ ఖాళీ తొక్కను వేలితో తడిమి చూసి, "కలిసింది," అంది. రోజ లోపలికి పారిపోయింది.

యేసయ్య చెయ్యి కూడా కడుక్కోలేదు. చెప్పుల్లో కాళ్ళు దూర్చి గుమ్మం దిగాడు. "సిర్గాపూర్‌ల నాగేశ్ ఎదురుచూస్తుండు," అని ఎవరితోనో, బహుశా దారితోనే అన్నాడు.

"మామా ఆగు, నేను దింపుత!" అని సుభాష్ కేకేశాడు. యేసయ్య అప్పటికే జిగురు వేళ్ళు చప్పరించుకుంటూ, సోయా చేల గట్టు మీద అడ్డదారి పట్టి, వెనక్కి చూడకుండా పోతున్నాడు.