ఫోస్కో సైకిలు పంచరైన రోజు

కాస్టెల్‌మోరా అనే కొండమీది ఊళ్ళో ఎర్సీలియాని ఎరగనివాళ్ళు లేరు. ఊరు ఊరంతా ఏళ్ళ తరబడి తింటున్న రొట్టె ఆమె చేతిదే. మాట మెత్తన, చెయ్యి గట్టి. ఎవరేమన్నా నవ్వేసి ఊరుకునే ఆ మనిషికి ఒక్క విషయంలో మాత్రం ఒళ్ళు మండేది. అది మొగుడు ఫోస్కో చెప్పే పంచరు కథ.

ఆ కథ తెలియాలంటే ముందు ఆమె తండ్రి దుయీలియో గురించి తెలియాలి. దుయీలియో కుర్రతనంలో ఒక్క ఏడాది పెద్ద సైకిలు పందేల్లో తొక్కాడు. గెలవడానికి కాదు, గెలిచేవాళ్ళకి నీళ్ళసీసాలు అందించడానికి. ఆ వైభవం ముగిశాక అతనికి మిగిలింది ఒక లేతనీలం సైకిలు, జీవితమంతా ఒకరి ద్రాక్షతోటలో కూలిపని. ఆ సైకిలు మీదే కూతురికి తొక్కడం నేర్పాడు. ఎత్తు ఎక్కేటప్పుడు కొండ కొస వైపు చూడొద్దనీ, ముందు చక్రాన్నే చూస్తూ పొమ్మనీ చెప్పాడు. ఎర్సీలియా కాస్త ఎదిగేసరికి రొట్టెల కొట్లో పనికి కుదిరింది. వీపుకి రొట్టెల బుట్ట కట్టుకుని, ఆ సైకిలు మీదే తెల్లమట్టి బాటల వెంట, ద్రాక్షతోటల్లో ఇల్లిల్లూ తిరిగేది.

ఒకనాటి పొద్దున ఊరి కోటగోడ ద్వారానికి ఎక్కే ఆఖరి ఎత్తులో ఆమె వెనకాల ఫోస్కో వచ్చాడు. అప్పట్లో అతనే ఆ ఊరి మొనగాడు. కొత్త సైకిలు, మెరిసే బూట్లు, నూనె రాసిన జుట్టు. ఆమె వీపున బుట్ట ఉంది, అందులో ఇంకా సగం రొట్టెలున్నాయి. అయినా ద్వారం కిందికి ఆమే ముందు చేరింది. సాయంత్రానికల్లా ఫోస్కో రొట్టెల కొట్టుకొచ్చి, అక్కర్లేని రొట్టె కొని, పేరడిగాడు. మరుసటి ద్రాక్షకోతలు అయ్యేసరికి పెళ్ళయిపోయింది.

పెళ్ళయితే చేసుకున్నాడు గానీ, ఓడిపోయానని మాత్రం ఒప్పుకోలేదు. "ఆ రోజు నా సైకిలు పంచరైంది" అన్నాడు. పెళ్ళివిందులో చెప్పినప్పుడు దిగింది చిన్న ముల్లు. మొదటి కూతురు పుట్టేనాటికి అది ఇనప మేకు అయింది. ఈమధ్య చెబుతున్నప్పుడైతే గుర్రపు నాడా. మగవాళ్ళ అబద్ధాలకి తిండి పెట్టక్కర్లేదు, వాటంతటవే పెరుగుతాయి.

తండ్రి పోయాక నీలం సైకిలు ఆమె ఇంటి నేలమాళిగలో, వైన్ జాడీల మధ్య గోడకి వేలాడింది. తెల్లవారకముందే పిండి పిసకాలి, పొయ్యి వెలిగించాలి, పిల్లల్ని చూసుకోవాలి. ఇంక తొక్కేదెప్పుడు? అయినా చలికాలం రాగానే ఎర్సీలియా కిందికి దిగి గొలుసుకి నూనె రాసి వచ్చేది.

ఏటా అక్టోబరులో, ద్రాక్ష అంతా తొట్లలోకి చేరాక, ఆ కొండల్లో పాత సైకిళ్ళ పండగ జరుగుతుంది. అన్నీ తాతలనాటి ఇనప సైకిళ్ళే, ఉన్ని చొక్కాలే. పొద్దున్నే బయల్దేరి నాలుగైదు కోట ఊళ్ళు చుట్టి మళ్ళీ కాస్టెల్‌మోరా ద్వారానికి చేరాలి. అందరికంటే వెనక చీపురు బండి వస్తుంది. అదొక ముసలి మూడు చక్రాల ట్రాలీ ఆటో, నెత్తిన పెద్ద చీపురు కట్టి ఉంటుంది. అలిసిపోయి కాలు నేల మోపినవాణ్ణి అది ఎక్కించుకుంటుంది. ద్వారం కిందికి ఆఖర్న వచ్చినవాళ్ళు మర్నాడు అదే చీపురుతో ఊరి కూడలి ఊడవాలి. ఆ బండి నడిపేది ఫోస్కో. తను ఏనాడూ చీపురు పట్టలేదు, పట్టడానికి బండి నిండా జనం ఉండేవాళ్ళు మరి. ఎర్సీలియాది దారిలో సైకిళ్ళవాళ్ళకి రొట్టె, కూరలు వేసిన చిక్కటి సూప్ కాచే పని.

ఈ ఏడు కోతలైన సాయంత్రం పందిరి కింద భోజనాలు జరుగుతున్నాయి. ఎవరో కొత్తవాళ్ళు కనబడగానే ఫోస్కో గొంతు సవరించుకున్నాడు. "మా ఆవిడ నన్ను ఓడించిందని ఊళ్ళో ఒక పుకారుంది. ఆ రోజు ఏం జరిగిందంటే..."

ఎర్సీలియా గరిటె టేబుల్ మీద ఒక్క చరుపు చరిచింది. గ్లాసులు గలగలమన్నాయి.

"ఈసారి సూప్ మీ చెల్లెలు కాస్తుంది. నేను తొక్కుతాను" అంది.

"నువ్వా? ఆ మోకాళ్ళతోనా?" ఫోస్కో పడీపడీ నవ్వాడు. "ఎందుకులేవే, ఇప్పుడే వచ్చి బండిలో కూర్చో. మెత్తటి దిండు వేయిస్తా."

"నీ బండి ఎక్కితే కూడలి మధ్య నిలబడి ఆ పంచరు నిజమేనని నేనే చెప్తా. సూప్ దగ్గర తప్ప ఎక్కడా కాలు నేల మోపకుండా ద్వారం దాటానా, నిజం నువ్వు చెప్పాలి. అందరి ముందూ."

పందిరి కింద అందరూ ఫోస్కో వైపు తిరిగారు. ఇంతమంది చూస్తుండగా వెనక్కి తగ్గితే పరువేం కాను? ఫోస్కో చెయ్యి కలిపాడు.

ఆ ఆదివారం పొద్దున్న నీలం సైకిలెక్కిన ఎర్సీలియాకి మొదటి మలుపులోనే ప్రాణం లేచొచ్చింది. కోసేసిన తోటలు పసుపూ ఎరుపూ తిరిగి ఉన్నాయి. ప్రతి ఇంటి మాళిగలోంచీ పులుస్తున్న ద్రాక్షరసం వాసన. పల్లంలో గాలికి చొక్కా బుడగలా ఉబ్బింది. రొట్టెలిచ్చిన గుమ్మాలన్నీ పలకరిస్తున్నాయి. ఒక ముసలాయన కిటికీలోంచి "ఇవాళ రొట్టె లేదా తల్లీ?" అని అరిచాడు. "ఇవాళ నేనే!" అని ఆమె తిరిగి అరిచింది. ఇంత సంతోషాన్ని ఇన్నాళ్ళు గోడకి తగిలించి ఉంచానా అనుకుంది. మధ్యాహ్నానికి గుంపులో సగం మంది ఆమె వెనకే ఉన్నారు.

అక్కడ, సూప్ దగ్గర, చెడింది కథ.

ఆడపడుచు ఇవానా ఎదురొచ్చి గిన్నె చేతిలో పెట్టింది. "ఒక్క చెంచా తిని పో వదినా."

ఎర్సీలియా నోట్లో పెట్టుకుని ఆగిపోయింది. "ఇవానా, ఇదెప్పుడు కాచావు?"

"పొద్దున్నే. వేడివేడిగా ఉండాలని."

"ఇవాళ పొద్దున్నా! నిన్న కాచి, రాత్రంతా ఉంచి, ఇవాళ మళ్ళీ కాచేదాన్ని ఇవాళే కాచావా? రొట్టె ఇంకా రొట్టెలాగే ఉంది కదే!"

"ఎవరికి తెలుస్తుందిలే వదినా!"

"నాకు తెలిసింది!"

తెలివైన మనిషైతే గిన్నె దింపి వెళ్ళిపోయేది. ఎర్సీలియా గరిటె లాక్కుంది. మంట పెంచింది, రొట్టె మెదిపింది, ఆలివ్ నూనె ధారగా పోసింది, చిక్కబడేదాకా కలుపుతూ నిలబడింది. వెనకవాళ్ళంతా వచ్చారు, తిన్నారు, లొట్టలేసుకుంటూ వెళ్ళిపోయారు. సూప్ సూప్ అయింది. అప్పటికి బాట మీద మిగిలింది ఆమె, ఆమె వెనక చీపురు బండి.

చీపురు బండి కాస్త దూరంగా రావడం మర్యాద. ఫోస్కోకి ఆ మర్యాద పట్టలేదు. ఆమె వెనక చక్రానికి ఆనుకున్నట్టే మొదటి గేరులో బండిని పాకించాడు. హారను కొడుతూ వచ్చాడు. ట్రాలీలో అప్పటికే ఎక్కిన ఇద్దరు పట్నంవాళ్ళు వాళ్ళ సైకిళ్ళు పట్టుకుని కూర్చుని ఉన్నారు.

"దిండు ఎదురుచూస్తోందే!"

"నువ్వే వేసుకో, నిద్రపో!"

"మోకాలు కిర్రుమంటోంది, నాకిక్కడికి వినిపిస్తోంది!"

"అది నీ బండి!"

ఆఖరి ఎత్తు మొదలైంది. ఊరి గోడ నెత్తిమీద నిలబడింది. కాళ్ళు మండుతున్నాయి, ఊపిరి చాలడం లేదు. తెల్లమట్టిలో చక్రం జారిన ప్రతిసారీ కాలు నేలకి దిగబోయి ఆగింది. ఎక్కడ మోపేస్తానోనని ఆమెకి ఏడుపొచ్చింది. బహుశా ఏడ్చింది కూడా. కానీ కళ్ళు మాత్రం ముందు చక్రం మీంచి ఎత్తలేదు.

సరిగ్గా ద్వారం ముందరి వంపు దగ్గర వెనకాల ఏదో టప్‌మంది. తర్వాత నిశ్శబ్దం. పొద్దుటినుంచీ మొదటి గేరులో పాకి పాకి ఇంజను ఉడికిపోయింది. పొగ వాసన ఆమె ముక్కుదాకా వచ్చింది.

"ఎర్సీలియా! ఆగవే! బండి ఆగిపోయింది!"

"నాది ఆగలేదు!" అంది తల తిప్పకుండానే.

ట్రాలీలోని ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని సైకిళ్ళు దించుకున్నారు. కూడలి ఊడవడం వాళ్ళకి మాత్రం ఏం సరదా? అలసట ఎటు పోయిందో గానీ, ఫోస్కోని బండి తోసుకోమని వదిలేసి పైకి నడిచారు.

ఎర్సీలియా ద్వారం దాటేసరికి కూడలి చప్పట్లతో మారుమోగింది. ఎవరో గంట కొట్టారు. ఆమెని సైకిలు మీంచి దించడానికి ముగ్గురు కావలసొచ్చారు, కాళ్ళు పెడళ్ళని వదలనన్నాయి. ఆ తర్వాత పట్నంవాళ్ళిద్దరూ వచ్చారు. చాలాసేపటికి, చెమటలు కక్కుతూ, బండి తోసుకుంటూ ఆఖర్న ఫోస్కో వచ్చాడు.

"ఏమైంది ఫోస్కో, పంచరా?" అని అరిచారెవరో. నవ్వులతో గోడలదిరాయి.

ఫోస్కో ఎవరినీ తిట్టలేదు. బండి నెత్తిమీద చీపురు విప్పి చేత పట్టుకుని కూడలి మధ్యకి నడిచాడు. ఆమె ఎదురుగా నిలబడ్డాడు.

"పంచరు కాలేదు" అన్నాడు. "ఇవాళా కాలేదు, ఆ రోజూ కాలేదు. ఆ రోజు ప్రాణం పెట్టి తొక్కాను. వీపున రొట్టెల బుట్టున్న పిల్ల నన్ను దాటి పోయింది. ఒక్కసారైనా వెనక్కి తిరిగి చూస్తుందేమో అనుకున్నా. చూడలేదు. ఇవాళా చూడలేదు."

ఎర్సీలియా అతని చొక్కాకి అంటిన మసి చేత్తో దులిపింది.

"పిచ్చి మొహమా" అంది. "ఆ రోజు వంపులో చూశాను. బాగున్నావనిపించింది. అందుకే ఇంకా గట్టిగా తొక్కాను."